ముందు సాలు

మిరప చేలో నోరు మూసుకొని పనిచేసే ఆడవాళ్లను భోపాల్‌పట్నం చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. ఘాటుకు దగ్గు వస్తుంది, ఎండకు కళ్లు మండుతాయి, నడుము విరుగుతుంది. నోరు మాత్రం ఆగదు. ఒకామె శాస్త్రం వేస్తుంది, పక్క సాలు ఆమె విప్పుతుంది. పుస్తకాలవాళ్లు పొడుపు కథ అనేదాన్ని ఇక్కడ శాస్త్రం అంటారు. విప్పలేకపోతే ఊరు ఇవ్వాలి. "దోర్నపాల్ ఇచ్చిన, తీసుకో" అంటే దోర్నపాల్ పోయినట్టే. సంత, బస్టాండు, ఠాణాతో సహా గెలిచినామె ఒళ్లో పడ్డట్టే. ఒకటే షరతు: తాను కాలు పెట్టిన ఊరే ఇవ్వాలి. ఆ లెక్కన బిందు ఒళ్లో సగం బస్తర్ ఉంది. ఉండడానికి సొంత ఇల్లే లేదు.

బిందుది ముందు సాలు. గుంపు చేలో దిగినప్పుడు మొదటి సాలు పట్టి నడిచే మనిషిని మిగతావాళ్లు దాటకూడదు. ఇది ఏ మేస్త్రీ పెట్టిన రూలూ కాదు, నాట్లలో అమ్మమ్మల నుంచి వస్తున్న పద్ధతి. ముందు సాలు ఎవరిదో తేల్చేది కూడా మేస్త్రీ కాదు, శాస్త్రాలే. చేను మారేటప్పుడు ఎవరైనా సరే "సాలు అడుగుతున్న" అని ఎదురు నిలవవచ్చు. ఇద్దరూ చెరి మూడు శాస్త్రాలు వేసుకుంటారు. ఎక్కువ విప్పినామె ముందు నడుస్తుంది. సమానమైతే పాతామెదే సాలు. ఆ చేను అయిపోయేదాకా ఇక మార్పు లేదు. బిందు చేతిలోంచి ముందు సాలు లాక్కునే మనిషి ఇంకా పుట్టలేదని గుంపంతా అనుకునేది. బిందు కూడా అదే అనుకునేది.

ఈ ఏడు ఆమె ఇంకో మెలిక పెట్టింది. నడక సాగుతుండగా వేసే శాస్త్రాన్ని, తన పక్కకు సమానంగా వచ్చినామే విప్పాలి. వెనకనుంచి కేకలేస్తే చెల్లదు. శాస్త్రం తేలేసరికి అందరికన్నా వెనకున్నామె, శాస్త్రం వేసినామెకు ఊరు ఇవ్వాలి. దాంతో ఆట వేడెక్కింది. శాస్త్రం వినపడితే చాలు, గుంపు మొత్తం కాయలు తెంపుకుంటూ పరుగు లాంటి నడక నడిచేది.

ఆ రోజు పొద్దున కూడా అంతే. చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కొని, తలలకు గుడ్డలు చుట్టుకొని, నడుముకు ఒడి సంచులు కట్టుకొని ఆడవాళ్లు సాళ్లలో దిగారు. బిందు వెనక్కి చూడకుండానే వేసింది.

"ఉప్పుంటది గని కూర గాదు. నీళ్లుంటయి గని వాగు గాదు. పని జేస్తే వస్తది, కూసుంటే ఎండిపోతది. ఏంది?"

ఉదయశ్రీ రెండో సాలు మనిషి. బిందు వయసుదే, బిందుకన్నా నోరు ఎక్కువది. రెండు చేతులా కాయలు లాగుతూ పక్కకు వచ్చి నిలబడింది.

"చెమటే గదనే! మేస్త్రీ భూషణమన్నకు తెల్వనిది అదొక్కటే!"

గుంపంతా పగలబడి నవ్వింది. ఎక్కడో సాలు సగంలో ఉన్న కోసె తలెత్తింది.

"ఏమడిగిన్రే? నాకు ఇనవడలే!"

"అందుకో కోసక్కా, అందుకొని ఇప్పు!"

"నా మోకాలునడిగి చెప్త తియ్యి!"

మళ్లీ నవ్వులు. కోసె దొర్ల తెగ మనిషి, ఆమె ఇంటి మాట దొర్లి. బిందు గుడిసెకు మూడు గుడిసెల అవతల ఉంటుంది. బిందు పనికొచ్చిన మొదటి ఏడు, మిరప మంటకు వేళ్లు వాచి ఏడుస్తుంటే చేతులకు ఇప్పనూనె రాసింది ఆమే. పోయిన వానల్లో గట్టు మీద జారి మోకాలు విరిగింది. అతుక్కుంది గాని సరిగా వంగదు. ఆమె చేతులు ఇప్పటికీ చురుకే. కాలు మాత్రం ఒక్కో మొక్క దగ్గర ఆలోచించి కదులుతుంది.

"ఊరియ్యాలె కోసక్కా!" ఉదయశ్రీ అరిచింది.

"ఇస్త తియ్యే. కిష్టారం తీసుకో."

"కిష్టారం మొన్ననే ఇచ్చినవ్!"

కోసె ఆలోచించింది. ఆమె తిరిగిన ఊళ్లు ఎన్నని? సంతకు పోయిన ఊళ్లు, చుట్టాల ఊళ్లు, కూలికి పోయిన ఊళ్లు. ఈ సీజనులో వెనకబడీ వెనకబడీ అన్నీ ఇచ్చేసింది. నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, మెల్లగా అంది.

"ఉసికెవాగు ఇచ్చిన."

ఎవరూ నవ్వలేదు. ఉసికెవాగు కోసె పుట్టిన ఊరు. తుపాకుల గొడవల కాలంలో ఆ ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకొని రోడ్డు పక్కకు పరిగెత్తుకొచ్చింది. మళ్లీ ఎవరూ వెనక్కి పోలేదు. ఆటలో ఏ ఊరైనా ఇస్తారు గాని సొంత ఊరు ఎవరూ ఇవ్వరు. కోసె పక్క సాలులో ఉన్న ఆయతి కూడా ఆ ఊరి రక్తమే, రోడ్డు పక్క గుడిసెలో పుట్టిన పిల్ల. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అక్కా, అది మన ఊరు."

"ఇంకేమున్నది నా తాన? ఉన్నదిచ్చిన."

బిందు ఏదో అనబోయింది. అంతలో గట్టు మీద చప్పట్లు వినిపించాయి. మేస్త్రీ భూషణం. చేను కౌలుకు పట్టిన ఆసామి నది అవతల తెలంగాణలో ఉంటాడు. ఇవతల అతని కన్నూ నోరూ భూషణమే. బస్తాకింత అని కమీషను. ఒకప్పుడు ఈ సాళ్లలోనే కాయలేరినవాడు. గట్టెక్కగానే సాలు మరిచిపోయాడు.

"శభాష్ బిందూ! నువ్వు గిట్ల శాస్త్రాలడుగుతనే ఉండు. నాకు చర్నాకోల అక్కర్లే."

తమాషాకే అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వుతోనే రెండో మాట అన్నాడు.

"రేపటి సంది అందరు ఏటి ఒడ్డు పెద్ద చేనుకు రావాలె. కోసె రావద్దు. నీ సాలు ఎప్పుడు జూసినా సగంలనే ఉంటది. ఆసామి జూస్తే నా కమీషను కాట్ చేస్తడు. ఇంటికాడ కూసో, మోకాలు జూసుకో."

కోసె కాయలు తెంపుతూనే ఉంది. మిరప అయిపోతే తునికాకు మొదలయ్యేదాకా ఆ ఇలాకాలో ఆడదానికి వేరే కూలి లేదు. పెద్ద చేను అంటే చాలా రోజుల తిండి. అది అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అందరి చేతులూ కాయల మీదే ఉన్నాయి.

బిందు మొహంలోకి రక్తం ఎగజిమ్మింది. చర్నాకోల! తన నోట్లోంచి వచ్చే మాట ఇంతకాలం కోసె వీపు మీద పడుతోందన్నమాట. ఆడుకుందామని తెచ్చిన ఆటను వాడు దున్నపోతును అదిలించే కర్ర చేసుకున్నాడు. పైగా శభాష్ అంటున్నాడు!

మధ్యాహ్నం గంజి తాగి మళ్లీ దిగాక బిందు శాస్త్రం వెయ్యలేదు. నడక తగ్గించింది. ఒక్కో మొక్కను రెండుసార్లు తడిమింది. ముందు సాలు ఆగితే వెనక సాళ్లు ఆగాలి కదా. ఆగాయి. కోసె దాదాపు అందుకుంది.

భూషణానికి కళ్లు లేకపోలేదు.

"ఏంది బిందూ, కాళ్లకు పారాణి పెట్టుకున్నవా?"

"ఎండకు శాతనైత లేదు."

"నాకు జెప్పకు. పొద్దుగాల నీ నడక జూడలేదా నేను? శాతనైనోళ్లు శాతగానట్టు నటిస్తే దాన్ని దొంగపని అంటరు. నీ ఒక్కదానికి గాదు, గుంపు మొత్తానికి సగం హాజిరే ఏస్త."

వెనక సాళ్లలోంచి సణుగుడు మొదలైంది. "నడువే తల్లీ." "ఒక్కదాని కోసం అందరి కూలి పోగొడ్తవా?" ఉదయశ్రీ గొంతు అన్నిటికన్నా పైన ఉంది. బిందు పళ్లు కొరికి నడిచింది. కోసె మళ్లీ వెనకబడింది.

వాడన్నదాంట్లో నిజముంది, అదే ఆమెకు ఎక్కువ మండింది. చేతనైన మనిషి మెల్లగా నడిస్తే దొంగపని అంటాడు. చేతగాని మనిషి తన నడక తాను నడిస్తే ఏమంటాడు? వెనకబడింది అంటాడు. ఇందులో ఎక్కడో ఒక ముడి ఉంది. శాస్త్రం లాంటి ముడే. ముడి ఉంటే విప్పే దారి ఉండాలి. ఒడి సంచి బస్తాలో గుమ్మరిస్తూ, పక్కనున్న ఉదయశ్రీనీ ఆయతినీ అడిగేసింది.

"ఓ లెక్క ఇప్పుండ్రి. గుంపంత ఒక్కపారే గట్టు చేరాలె. ఒకామె కాలు వంగది. ఎవ్వలు నటించొద్దు, ఎవ్వలు ఎనకవడొద్దు. ఎట్ల?"

"మోసుకపోవాలె," అంది ఉదయశ్రీ. "నువ్వే మొయ్యి. నా నడుము నాకే బరువైంది."

ఆయతి నవ్వలేదు. ఇదేం పెద్ద లెక్క అన్నట్టు చూసింది.

"ముందల వెట్టాలె. మేం అడివికి పోయేటప్పుడు ముసలోళ్లనే ముందల నడిపిస్తం. ఎనకవెడితే పులికి పెట్టినట్టే గదా."

బిందు ఖాళీ సంచి చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయింది. ముందు సాలు మనిషిని ఎవరూ దాటకూడదు. ముందు సాలులో కోసె ఉంటే ఆమె నడకే గుంపు నడక. అప్పుడు వెనకబడే మనిషే ఉండదు. నటించే పనే లేదు. ఇంత చిన్న సంగతి, సగం బస్తర్‌ను ఒళ్లో పెట్టుకున్న తనకు తట్టలేదు!

ఎండ ఇంకా తగ్గలేదు. పని అయిపోయి, కల్లం పక్కన బస్తాల నీడలో అందరూ ట్రాక్టరు కోసం కూర్చున్నారు. భూషణం దూరంగా ఫోను పట్టుకొని సిగ్నలు కోసం తిరుగుతున్నాడు. బిందు పోయి కోసె ముందు గొంతుకూర్చుంది.

"కోసక్కా, రేపు చేను మారుతది. సాలు అడుగు."

కోసె ఆమె మొహంలోకి చూసి పక్కకు ఉమ్మేసింది.

"నువ్వు ఓడిపోయినట్టు జేసి నాకు సాలు ఇస్తవ్. అంతేనా? బిచ్చమా? మోకాలు ఇరిగింది గని చెయ్యి చాపే రోజు ఇంక రాలే నాకు."

"ఓడిపోత అని ఎవరన్నరు? అడుగు. కొట్లాడుత. ఇప్పగలిగింది ఒక్కటి గూడ ఇడిసిపెట్ట."

"ఇడిసిపెట్టినవని నాకు తెలిసిందనుకో, సచ్చినా నీ మొకం జూడ."

"జూడకు."

కోసె చాలాసేపు మోకాలు నిమురుకుంది. తర్వాత ఆయతి భుజం పట్టుకొని లేచి నిలబడి, అందరికీ వినపడేలా అంది.

"సాలు అడుగుతున్న."

ఉదయశ్రీ దిగ్గున లేచింది. "సొంతూరు ఇచ్చినామె సాలు ఎట్లడుగుతది?"

"పోయింది గెలుచుకునేటందుకే అడుగుతరు," అంది బిందు. "ఇంకోటి. కోసక్క తన మాటలనే ఏస్తది. ఆయతి తెలుగుల చెప్తది."

"ఇదేం పాడు రూలే! ఆట ఎప్పటికి తెలుగులనే గదా?"

"ఎవరు రాసిన్రు? సంతల దొర్లి మాట్లాడి బేరమాడుతవ్. దొర్లిల తిడితే మంచిగ సమజైతది నీకు. శాస్త్రం ఒక్కటే సమజ్ కాదా? ఇన్ని దినాలు ఆమె మన మాటల ఆడి ఓడిపోయింది. నువ్వు ఆమె మాటల ఒక్క దినం ఆడి జూడు!"

ఉదయశ్రీ సణుక్కుంటూ కూర్చుంది. గాని ముందుకు జరిగి కూర్చుంది. ఆట రుచి ముందు అలక ఎంతసేపు నిలుస్తుంది?

బిందు మొదటిది వేసింది. "నెత్తి మీద నేనెక్కుత. నా నెత్తి మీద ఇంకోటి ఎక్కుతది. బరువు దిగంగనే నన్ను మూలకు ఇసిరేస్తరు. ఎవర్ని?"

"చుట్టబట్ట," కోసె ఊపిరి పీల్చుకున్నంత తేలిగ్గా అంది. "నెత్తి మీద కడవ మోసినోళ్లను అడిగే శాస్త్రమా ఇది?"

కోసె తన మాటలో ఒకటి వేసింది. ఆయతి తెలుగులో చెప్పింది. "సూది లేదు, దారం లేదు. ఆకులు కుట్టి ఇల్లు గట్టిన్రు. తలుపు లేదు గని లోపలికి పోయినోళ్లు ఏడ్చుకుంట వస్తరు."

"ఎర్రచీమల గూడు!" బిందు మాట పూర్తికాక ముందే అరిచింది. ఎవరో లొట్టలేశారు. చీమల పచ్చడి గుర్తొచ్చి సగం మందికి నోరూరింది.

బిందు రెండోది. "చెట్టు గాదు, కొమ్మలున్నయి. పిట్ట గాదు, మాటలు మోస్తది. గుట్టెక్కి నిలవడ్డది గని నాలుగడుగులు ఎయ్యది."

కోసె తడుముకుంది. "తాడిచెట్టు?"

"తాడిచెట్టుకు కొమ్మలేడియి అక్కా? సెల్ టవర్!"

"మా గుడిసె కాడ దాని మాట ఎన్నడు ఇనవడలే. ఇనవడని దాని పేరు నాకెట్ల తెలుస్తది?" కోసె విసుక్కుంది. "తీసుకో, కుంట ఊరు ఇచ్చిన."

"కుంట పోయింది అక్కా, సంక్రాంతి నాడే ఇచ్చినవ్," ఎవరో అందించారు.

"అయితే ఈ చేను తీసుకో. దీంట్ల కాలు పెట్టిన గదా, పొద్దుగాలటి సంది!"

చేను ఊరు అవుతుందా అని చిన్న రగడ జరిగింది. అవుతుందని తేల్చారు. కోసె రెండోది వేసింది. ఆయతి చెప్పింది. "బతికినన్ని దినాలు నీళ్లు తాగింది. చచ్చినంక అందరికి నీళ్లు తాపింది."

బిందు భ్రుకుటి ముడిపడింది. "మబ్బు?"

"మబ్బు ఎన్నడు చచ్చింది?"

"బాయి? ... కుండ? కాదు, కుండ బతికి ఉండది..." వేళ్లు విరుచుకుంది, మట్టిలో గీతలు గీసింది. చివరికి చేతులెత్తేసింది. కోసె భుజానికి వేలాడుతున్న ఎండు సొరబుర్ర తీసి, మూత లాగి, గటగటా నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది. గుంపు ఈలలేసింది. పొద్దుటినుంచి కళ్లముందే ఊగుతున్న బుర్ర! బిందుకు చెవుల దాకా వేడెక్కింది, "దోర్నపాల్ ఇచ్చిన" అని గొణిగింది. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు తాగే మనిషికి సొరబుర్ర ఎందుకు కనిపిస్తుంది?

ఇప్పుడు చెరొకటి. బిందుకు పట్టుదల పెరిగింది. దయ చూపించనని మాట ఇచ్చింది. చూపించే ఉద్దేశం కూడా పోయింది. తన దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా గట్టి లెక్క తీసింది.

"మనిషికో గంప ఇస్తే ఒకామెకు గంప దొరకలే. ఇద్దరికో గంప ఇస్తే ఒక గంప మిగిలిపోయింది. మనుషులెందరు, గంపలెన్ని?"

కోసె వేళ్లు లెక్కపెట్టలేదు. ఖాళీ గంపలు తెప్పించింది. "నువ్వు లే. నువ్వు లే. ఉదయా, నువ్వు గూడ లే, కూసోని ఏం జేస్తవ్?" ఒక్కో మనిషికి ఒక్కో గంప పెట్టింది. ఇద్దరికొకటి పెట్టింది. కుదరలేదు. ఒక మనిషిని తీసింది, ఒక గంప తీసింది. గంప పట్టుకొని అటూ ఇటూ నడవలేక ఉదయశ్రీ మొత్తుకుంది. "పొద్దంత సాకిరి జేసింది సాలదా, లెక్కకు గూడ మమ్మల్నే నడిపిస్తవా?" కోసె వినలేదు. ఆఖరికి నిలబడ్డవాళ్ల వైపు వేలు చూపింది.

"నలుగురు మనుషులు. మూడు గంపలు."

"మనుషుల్ని లేపి లెక్క జేసుడు ఏం రూలు?" ఉదయశ్రీ బిందు వైపు తిరిగింది.

"లెక్క తేలిందా లేదా?"

"తేలింది."

"అయితే నోరు మూసుకో."

కోసెకు రెండు. బిందుకు ఒకటి. ఆఖరిది బిందు విప్పితే సమానం, సాలు బిందుదే. విప్పకపోతే కోసెది. దూరంగా ట్రాక్టరు చప్పుడు వినిపిస్తున్నా ఎవరూ లేవలేదు.

కోసె ఈసారి ఆయతి కోసం ఆగలేదు. తెలుగులోనే, తన యాసలో, ఒక్కో మాట పేర్చి అంది.

"ఎంత మంది తొక్కితే అంత బతుకుతది. తొక్కుడు మానేస్తే సచ్చిపోతది. ఏంది?"

"గడ్డి," అని నాలుక కరుచుకుంది బిందు. "కాదు కాదు. గడ్డి తొక్కితే చస్తది."

"అవ్."

"గడప. ... కాదు. తొక్కకపోయినా గడప ఆడనే ఉంటది." ఆమె లేచి నడిచింది. తొక్కితే బతికేది. మట్టి? గోడకు తొక్కే మట్టి? అది గోడైనాక తొక్కరు. మెట్టు? సైకిలు? "సైకిల్!"

"సైకిల్‌ను మూలకు పెడితే తుప్పు వడ్తది. సావది. మల్ల తొక్కితే నడుస్తది. నాది సచ్చిపోతది."

ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు దుర్గేశ్ "చలో చలో" అని హారను కొట్టాడు. "ఆగవయ్యా!" అని గుంపు మొత్తం ఒక్కసారి కసిరింది. బిందు నుదురు కొట్టుకుంది. ఓడితే మంచిదని తెలుసు. అయినా మెదడు ఊరుకోవడం లేదు. వెతికి వెతికి ఆఖరికి నిలబడిపోయింది. నిజంగానే తెలియలేదు.

"తెల్వలే అక్కా. చెప్పు."

"బాట," అంది కోసె. "ఊరికి పోయే కాలిబాట. మనుషులు నడిచినన్ని దినాలు తెల్లగ ఉండె. నడుసుడు మానేసినం. ఇప్పుడు యాడున్నదో మాకే దొరకది."

బిందు "భోపాల్‌పట్నం ఇచ్చిన," అంది.

"ఉసికెవాగు ఇయ్యవా?"

"ఎట్లియ్యాలె అక్కా? నేను ఆడ కాలు పెట్టలే."

కోసె తల ఊపింది. రూలు రూలే. "అయితే ఒకనాడు పెట్టాలె," అని ట్రాలీ వైపు కుంటుకుంటూ నడిచింది.

మర్నాడు పొద్దున ఏటి ఒడ్డు పెద్ద చేను గట్టు మీద భూషణం ట్రాలీ దిగేవాళ్లను చూస్తున్నాడు. కోసె దిగింది. దిగి, ఎవరినీ అడక్కుండా పోయి మొదటి సాలులో నిలబడి ఒడి కట్టుకుంది. ఆమె పక్కన రెండో సాలులో బిందు.

భూషణం మొదట నవ్వాడు. "ఇదేంది, తమాషానా?"

"ముందు సాలు కోసక్కది," అంది బిందు. "నిన్న అడిగింది. గెలిచింది."

"నేను రావద్దని చెప్పిన గదా?"

"ఎనకవడ్డోళ్లను రావద్దన్నవ్. ఈమె ఎనక లేదు. ముందలున్నది. జూసుకో."

"పాగల్ అయిన్రా ఏందే మీరంత? ఈమె నడకకు పొద్దూకేదాక సగం గూడ కాదు! బిందూ, నువ్వు ముందలికి రా."

"సాలు మేస్త్రీ ఇచ్చేది గాదు, మేస్త్రీ తీసేది గాదు. నువ్వు గూడ ఈ సాళ్లల్లనే పెరిగినవ్ గదా అన్నా. మీ అమ్మ ముందు సాలు పట్టి నడిస్తే ఏ మేస్త్రీ అయినా దింపిండా?"

భూషణం మొహం మాడింది. గుంపులోని ఒక్కొక్కరినీ చూశాడు. "కూలి కావాల్నా, ఈ ఆటలు కావాల్నా? కావాల్నన్నోళ్లు దిగుండ్రి. కోసెను దాటి నడువుండ్రి. నిన్నటి లెక్కనే హాజిరి ఏస్త."

అక్కడే తేలాలి అంతా. మాటలు ఎన్నైనా చెప్పవచ్చు, పొయ్యి మీద కుండ మాట వేరు. ఎవరైనా ఒక్కరు దాటితే అయిపోయినట్టే. నిన్న తిట్టినవాళ్లే వీళ్లంతా. బిందు వెనక్కి చూసింది. ఉదయశ్రీ మూడో సాలు ముందు నిలబడి ఉంది. ఒడి కట్టుకుంది, దిగలేదు.

"నువ్వు దిగు ఉదయా," అన్నాడు భూషణం. "నీకు తెలివున్నది."

"ఉన్నది అన్నా. అందుకే దిగుత లేను." ఉదయశ్రీ మూతి తిప్పింది. "గంప వట్టుకొని నిన్న నేను గూడ నిలవడ్డ గదా ఆ లెక్కల. ఓడింది బిందు. ఆ ఆటను ఇయ్యాల దాటితే రేపు నా ఆటను ఎవరు లెక్కజేస్తరు? ముందు సాలును దాటినోళ్లకు మల్ల ఏ గుంపుల సాలు దొరకది. దాటించాల్నంటే నువ్వే దాటు. ఒడి ఇస్త, కట్టుకో."

ఎవరో కిసుక్కున నవ్వారు. భూషణం "దోర్నపాల్ నుంచి గుంపును దింపుత, సూస్తుండ్రి" అని ట్రాక్టరెక్కి నిలబడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరికి చేశాడు. ఈ వారంలో ఏ గుంపు ఖాళీగా ఉంటుంది? అందరూ నది దాటి తెలంగాణ చేలల్లో ఉన్నారు. ఏటి అవతల మబ్బు నల్లగా లేస్తోంది. కల్లంలో సగం ఎండిన కాయ ఉంది, చేలో పండిన కాయ ఉంది. వాన పడితే రెండూ పోతాయి. అది ఆడవాళ్లకూ తెలుసు, అతనికీ తెలుసు. ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. కోసె మాత్రం మొక్కల వైపు తిరిగి, రెండు చేతులూ నడుమున పెట్టుకొని, వెనక జరుగుతున్నదానితో తనకు సంబంధం లేనట్టు నిలబడింది. ఆమె మెడ మీద నరం మాత్రం కొట్టుకుంటోంది.

భూషణం ఫోను జేబులో పెట్టాడు. "దిగుండ్రి," అన్నాడు.

కోసె మొదటి కాయ తెంపింది.

ఆ రోజు నడక ఎద్దుబండి నడక. నిన్నటికన్నా బస్తాలు తక్కువే నిండాయి. అబద్ధం ఎందుకు? నిన్న నిండినవి మనుషులు పరిగెత్తితే నిండినవి. ఇవి నడిస్తే నిండినవి. కోసె ఒక్కో మొక్క దగ్గర కాలు సర్దుకునేది. వెనకవాళ్లు ఆగి దగ్గు తీర్చుకునేవాళ్లు, చెమట తుడుచుకునేవాళ్లు, బుర్ర అడిగి నీళ్లు తాగేవాళ్లు. కోసె శాస్త్రాలు వేసింది, తెలుగులో కొన్ని, తన మాటలో కొన్ని. అందరూ వినపడేంత దగ్గరలోనే ఉన్నారు కాబట్టి ఎవరు పడితే వాళ్లు విప్పారు. పరుగు మెలిక ఏమైందని ఎవరూ అడగలేదు. బిందు దాన్ని తీసేశానని చెప్పను కూడా లేదు. మబ్బు చినుకు రాల్చకుండానే చేను దాటి పోయింది.

పొద్దు వాలుతుండగా గుంపంతా ఒక్క వరుసలో గట్టు చేరింది. భూషణం బస్తాల వైపు చూశాడు, కోసె వైపు చూడలేదు.

"రేపు పొద్దుగాల ట్రాలీ వస్తది. అందరు ఎక్కుండ్రి."

ఆడవాళ్లు మూటలు సర్దుకోబోయారు. బిందు కదల్లేదు.

"అందరంటే?"

"అందరంటే అందరే. ఏందే నీ లొల్లి?"

"నిన్న గూడ అందరు అనే అన్నవ్, ఒకామెను తీసినవ్. పేరు వెట్టి చెప్పు మేస్త్రీ."

అతను ఏటి వైపు చూశాడు, ట్రాక్టరు వైపు చూశాడు. దుర్గేశ్ స్టీరింగు మీద గడ్డం ఆనించి వినోదం చూస్తున్నాడు. గుంపులో ఎవరూ ట్రాలీ ఎక్కలేదు.

"కోసె గూడ రావాలె," అన్నాడు భూషణం పళ్ల మధ్యనుంచి. "సాలైందా?"

"ఇప్పుడైంది."

కోసెను ట్రాలీలోకి ఎక్కించడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఆయతి కింద నుంచి నెట్టింది, ఉదయశ్రీ పైనుంచి రెక్క పట్టి లాగింది. లాగుతూనే అంది.

"ఈ చేను అయిపోనియ్యి కోసక్కా. ఆనాడు సాలు అడిగేది నేనే. నీ బుర్రలు, నీ బాటలు నా ముంగట నడవయి."

"అడుగు," అంది కోసె బస్తాల మీద కాలు చాపుకుంటూ. "ఆ లోపల జర దొర్లి నేర్సుకో."